కొళత్తూరులో డ్రిఫ్ట్‌వుడ్: ఏది కొనాలి, ఎలా ముంచాలి

చెన్నైలో ప్లాంటెడ్ ట్యాంక్ (చేపలతోపాటు నీటి మొక్కలు పెంచే అక్వేరియం) పెట్టేవాళ్ళు అందులో అమర్చే కట్టె, అంటే డ్రిఫ్ట్‌వుడ్ కోసం ఎక్కడెక్కడ తిరిగినా చివరికి చేరేది కొళత్తూరుకే. రంగు చేపల దుకాణాల ముందు తొట్ల పక్కన, వెనక గదుల్లో, మెట్ల కింద కట్టెలు కుప్పలుగా పోసి ఉంటాయి. ఎక్కువగా వినిపించే పేర్లు మూడు: మలేసియన్ వుడ్, స్పైడర్ వుడ్, మొపానీ. వీటితోపాటు టీ వేరు, కాఫీ మోడు అంటూ మన కొండల నుంచి వచ్చే మొద్దులు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. ఈ రివ్యూ ఏ ఒక్క దుకాణానిదీ కాదు, అక్కడ మామూలుగా దొరికే సరుకుది. ఎంత త్వరగా మునుగుతుంది, నీళ్ళకి ఎంత రంగు దింపుతుంది, మొక్కల మధ్య ఎన్నాళ్ళు నిలుస్తుంది అనే మూడు లెక్కలతో చూశాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి ట్యాంకుకి మలేసియన్ కొనండి. అందం కావాలంటే స్పైడర్ వుడ్ కొనండి, కానీ దాన్ని సగం తయారైన సరుకు అనుకోండి. తేలకుండా కింద బరువుకి రాతి పలక బిగించేదాకా అది ట్యాంకులో పెట్టే వస్తువు కాదు. మొపానీ మంచి కట్టే, కాకపోతే మొక్కల ట్యాంకులో దాని రంగుతో చాలా రోజులు పెనుగులాడాలి. దుకాణంలోనే పలక బిగించి అమ్మే ముక్కలు మాత్రం స్క్రూ చూడకుండా కొనకండి. ఎందుకో కింద వివరంగా రాశాం.

మలేసియన్ ముదురు గోధుమ రంగులో, తడిస్తే దాదాపు నల్లగా ఉంటుంది. బరువైన కట్టె. మంచి ముక్క వేసిన వెంటనే మునుగుతుంది. అయితే 'మలేసియన్' అన్నది ఒక చెట్టు పేరు కాదు, వ్యాపారం పెట్టుకున్న పేరు. అందుకే ఒకే కుప్పలో ఒక ముక్క రాయిలా దిగిపోతుంది, పక్క ముక్క బెండులా తేలుతుంది. "ఇది మునిగే కట్టే" అన్న మాట మీద కొనాల్సిన పని లేదు. చుట్టూ నీళ్ళ తొట్లే. "ఒక్కసారి నీళ్ళలో వేసి చూపించండన్నా" అంటే చాలామంది కాదనరు. చేపలున్న తొట్టి కాకుండా ఖాళీ బకెట్ అడగండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చాలాచోట్ల కట్టెను కిలోల లెక్కన తూచి అమ్ముతారు. తొట్టిలో నానుతున్న ముక్కను తీసి తూస్తే మీరు నీళ్ళకి కూడా డబ్బు కడుతున్నట్టే. అది పూర్తిగా నష్టమేమీ కాదు. నానిన కట్టె అంటే మీకు కొన్ని వారాల ఎదురుచూపు తప్పినట్టు. కానీ దాన్ని ఇంటికి తెచ్చి మేడ మీద ఎండలో పడేస్తే, కొన్న నీళ్ళన్నీ ఆవిరైపోయి మళ్ళీ తేలుతుంది. తడి ముక్క కొంటే తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి, ఆ పూటే డ్రమ్ములో వేయాలి.

కొనేముందు గోటితోనో స్క్రూడ్రైవర్ కొసతోనో నాలుగైదు చోట్ల నొక్కి చూడండి. మెత్తగా దిగిపోతే లోపల కుళ్ళు ఉంది, అది ట్యాంకులో ఇంకా వేగంగా కరుగుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే తిరిగి కుప్పలో పెట్టేయండి. నల్లటి మరకలు ఒకే చోట గుండ్రంగా కనిపిస్తే లోపల మేకు ఉందేమో చూడాలి. కట్టెలోని టానిన్‌కి (నీళ్ళకి టీ రంగు దింపే వగరు పదార్థం) ఇనుము తగిలితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప కసిం గీయగానే నలుపు తేలేది కూడా ఈ గుణం వల్లే. అందుకే ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళండి. మేకు వెతకడానికే కాదు, స్క్రూలు చూడటానికీ పనికొస్తుంది.

స్పైడర్ వుడ్ అజేలియా జాతి పొదల వేరు. లేత గోధుమ రంగు, ఒక మొదలు నుంచి పది కొసలు గాలిలోకి పాకినట్టు ఉంటుంది. నాచు కట్టి, కొసల దగ్గర బుసెఫలాండ్రా అనే చిన్న నీటి మొక్క అంటిస్తే రెండు అడుగుల ట్యాంకులోనే చెట్టు పెరిగినట్టు కనిపిస్తుంది. రంగు తక్కువే దింపుతుంది. కష్టమంతా తేలడంలో ఉంది. సన్నని కొసలు త్వరగానే నానుతాయి, లావు మొదలు లోపల గాలి నిలిచిపోతుంది. ఆ మొదలు నిండడానికి వారాలు పడుతుంది, కొన్ని ముక్కలకి రెండు మూడు నెలలు కూడా. ఆ సన్నని కొసలే ముందు మెత్తబడి విరుగుతాయి కూడా. కొనేటప్పుడు పెన్సిల్ కంటే సన్నని కొసలున్న ముక్క మీద మోజు పడకండి. రెండు మూడేళ్ళు నిలవాల్సిన అమరికకి లావు కొమ్మలే నయం.

మొపానీ ఆఫ్రికా దక్షిణ భాగపు చెట్టు. సాంద్రత నీటి కంటే ఎక్కువ, కాబట్టి మునగడం గురించి బెంగే లేదు. ఒకవైపు ముదురు రంగు, ఇంకోవైపు లేత రంగు ఉంటుంది. గట్టిదనంలో దానికి సాటి లేదు. డ్రిల్ బిట్ వేడెక్కిపోతుంది, దానికి పలక అక్కర్లేదు కాబట్టి సరిపోయింది. టానిన్ మాత్రం నెలల తరబడి దిగుతూనే ఉంటుంది. ఈ గోధుమ నీళ్ళు చేపలకి హాని చేయవు. పైగా ఇలాంటి ముదురు రంగు నీళ్ళలో బతికే 'నల్ల నీటి' చేపలకి ఇష్టం కూడా. మొక్కల ట్యాంకులో సంగతి వేరు. టీ రంగు నీళ్ళు వెలుగును, ముఖ్యంగా నీలి భాగాన్ని తాగేస్తాయి. అడుగున కార్పెట్‌లా పరిచిన మోంటే కార్లో మొక్కకి చేరాల్సిన వెలుగు దారిలోనే పోతుంది. ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ గానీ, రంగు పీల్చే ప్యూరిజెన్ గుళికలు గానీ వేస్తే రంగు పోతుంది. కార్బన్ కొన్ని వారాల్లో నిండిపోతుంది, మార్చాలి. అలా మారుస్తూనే ఉండటం ఇష్టమైతేనే మొపానీ కొనండి.

మన కొండల మొద్దుల గురించి రెండు మాటలు. టీ తోట వేరు గట్టి కట్టే, ఆకారమూ బాగుంటుంది. కాకపోతే అవి ఏళ్ళ తరబడి పురుగుమందు కొట్టిన తోటల్లోంచి వచ్చినవి కావచ్చు. రొయ్యలు పెంచే ట్యాంకులో పెట్టదలిస్తే మిగతా వాటికంటే ఎక్కువ రోజులు నానబెట్టాలి. బీచ్‌లో కొట్టుకొచ్చిన కట్టె ఉచితమే కానీ ఉప్పు పీల్చి ఉంటుంది, పడవ రంగో డీజిలో అంటి ఉండొచ్చు. ద్రాక్ష తీగ కట్టె నీళ్ళలో త్వరగా కుళ్ళుతుంది, వద్దు. సరుగుడు కట్టె ఎండినదైనా సరే ట్యాంకు కోసం చెక్కకండి, బెరడు రాలి నీళ్ళు పాడవుతాయి.

ఇక తయారీ.

ఏ కట్టె అయినా, దాని గోడల పదార్థం నీటికంటే ఒకటిన్నర రెట్లు బరువు. తేలడానికి కారణం లోపలి సన్న గొట్టాల్లో చిక్కుకున్న గాలి. ఆ గాలి పోయి నీళ్ళు నిండితే ప్రతి కట్టే మునుగుతుంది. మనం చేసే పనంతా ఆ గాలిని బయటికి పంపడమే.

ముందు పొడిగా ఉండగానే బెరడు, మట్టి, మెత్తటి పొర గీకేయండి. కొబ్బరి పీచు, నైలాన్ బ్రష్ సరిపోతాయి. ఇనుప వైరు బ్రష్ వాడొద్దు. దాని సన్నని పోగులు విరిగి కట్టెలో దిగబడి, తర్వాత అక్కడల్లా నల్ల చుక్కలు తేలతాయి. సబ్బు, బ్లీచింగ్ జోలికి పోవద్దు, కట్టె వాటిని పీల్చుకుని ట్యాంకులో వదులుతుంది.

తర్వాత ఉడికించడం. పెద్ద స్టెయిన్‌లెస్ స్టీల్ గుండిగలో కట్టె మునిగేలా నీళ్ళు పోసి, పైన బరువు పెట్టి, గంటసేపు మరగనివ్వండి. అసలు కీలకం ఆ తర్వాత ఉంది, చాలామంది అక్కడే పొరపాటు చేస్తారు. పొయ్యి ఆపగానే కట్టెను బయటికి తీస్తారు. మరిగేటప్పుడు లోపలి గాలి వ్యాకోచించి, ఆవిరితో కలిసి బయటికి పోతుంది. చల్లారేటప్పుడు మిగిలిన ఆవిరి నీరైపోయి లోపల ఖాళీ ఏర్పడి, చుట్టూ ఉన్న నీళ్ళను లోపలికి లాగుతుంది. ఆ సమయంలో కట్టె గాలిలో ఉంటే లాక్కునేది గాలినే, అంతసేపు కాల్చిన గ్యాసంతా వృథా. అదే గుండిగలో, అదే బరువు కింద, పూర్తిగా చల్లారేదాకా ఉంచండి. రాత్రి ఉడికించి పొద్దున తీయడం మంచి పద్ధతి. ఆ గోధుమ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో ఇలాగే రెండు మూడుసార్లు చేస్తే టానిన్లో పెద్ద భాగం పోతుంది. కట్టెలో ఉన్న పురుగు గుడ్లు, నాచు విత్తులు కూడా చస్తాయి.

అంతకంటే ఎక్కువ ఉడికించొద్దు. గంటల తరబడి మరిగిస్తే కట్టె పట్టు సడలి కొసలు మెత్తబడతాయి. స్పైడర్ వుడ్ సన్నని కొసలకి అరగంట చాలు. ప్రెషర్ కుక్కర్ ఆలోచన మానుకోండి, పెచ్చు ఊడి ఆవిరి గొట్టంలో అడ్డం పడితే ప్రమాదం.

నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. చెన్నైలో చాలా ఇళ్ళ బోరు నీళ్ళు కఠినమైనవి. వాటితో ఉడికిస్తే గిన్నె అడుగున పట్టినట్టే కట్టె మీద కూడా సున్నపు తెల్ల పూత పడుతుంది. దాన్ని బూజు అనుకుని మళ్ళీ మళ్ళీ ఉడికించేవాళ్ళున్నారు. గోటితో గీకితే పొడిగా రాలితే సున్నం, జిగటగా జారితే బూజు. మెట్రో వాటర్ దొరికితే దానితోనే ఉడికించండి.

గుండిగలో పట్టని ముక్కకి నానబెట్టడమే దారి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి, నూనెలు, రసాయనాలు పోసినది కాకూడదు. కట్టెను బోర్లించి పైన రాయి పెట్టి, నీళ్ళు నింపి, మూడు రోజులకొకసారి మార్చండి. వీలైతే మొదటి నీళ్ళు వేడివి పోయండి. డ్రమ్ముకి మూత, మూత లేకపోతే దోమతెర బిగించాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే పడుతుంది. నీళ్ళు మార్చేటప్పుడల్లా డ్రమ్ము గోడలు కూడా రుద్దాలి, గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి.

నానింది చాలు అని ఎప్పుడు తెలుస్తుంది? మునిగితే సగం పని అయినట్టు. మిగతా సగం, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌తో తేల్చుకోవచ్చు. కొత్త నీళ్ళు పోసినప్పుడు ఎంత ఉందో రాసుకోండి, 24 గంటల తర్వాత మళ్ళీ చూడండి. తేడా పదీ ఇరవై దాటకపోతే కట్టె నుంచి కరగాల్సింది దాదాపు కరిగిపోయినట్టే. బీచ్ కట్టెకి ఈ పరీక్ష తప్పనిసరి. ఉప్పు కంటికి కనపడదు, మీటర్‌కి కనపడుతుంది. టానిన్‌కి మాత్రం మీటర్‌ని నమ్మొద్దు. తెల్ల గ్లాసులో పోసి కంటితో చూడటమే సరైన పరీక్ష.

టానిన్ పీహెచ్‌ని దించుతుందన్న మాట నిజమే కానీ ఎంత దించుతుందన్నది మీ నీళ్ళ కేహెచ్ (పీహెచ్‌ని కదలకుండా పట్టి ఉంచే కార్బొనేట్ కాఠిన్యం) మీద ఉంటుంది. బోరు నీళ్ళ ట్యాంకులో కట్టె వేస్తే పీహెచ్ కదిలిందా లేదా అన్నంత తక్కువ తేడా. ఆర్వో నీళ్ళలో, కేహెచ్ ఒకటీ సున్నా దగ్గర ఉంటే, అదే కట్టె పీహెచ్‌ని స్పష్టంగా కిందికి లాగుతుంది. మొక్కలకి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు) కూడా ఇచ్చే ట్యాంకైతే కట్టె, సీఓటూ రెండూ కలిసి ఎంత దించుతున్నాయో చూసుకోవాలి.

బరువు కట్టడం దగ్గరే ఎక్కువమంది లెక్క తప్పుతారు.

సులువైన కొలత ఇది. కట్టెను నీళ్ళ డ్రమ్ములో వేసి, దాని మీద చిన్న రాళ్ళు ఒక్కొక్కటి పేర్చుతూ పోండి. కట్టె మొత్తం సరిగ్గా నీళ్ళ కిందికి దిగి, రాళ్ళు ఇంకా నీటి పైనే ఉన్న క్షణంలో ఆపండి. ఆ రాళ్ళ బరువు కట్టె పైకి తన్నే బలానికి సమానం. అర కిలో అనుకుందాం. అర కిలో రాయి కట్టి వదిలితే చాలా? చాలదు. రాయి కూడా నీళ్ళలో తేలిక పడుతుంది. గ్రానైట్, పలక రాయి నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువు. నీళ్ళలో మునిగాక ఒక కిలో రాయి దాదాపు 630 గ్రాముల పనే చేస్తుంది. కాబట్టి పైన పెట్టి చూసిన బరువుకి 1.6 రెట్లు కడితే సరిగ్గా సరిపోతుంది, రెండు రెట్లు కడితే నిశ్చింత. అర కిలో తన్నే కట్టెకి ఒక కిలో రాయి. 20 సెంటీమీటర్ల చదరం, ఒక సెంటీమీటరు మందం ఉన్న పలక బరువు సుమారు 1.1 కిలోలు. ఎండు బరువు 1.2 కిలోలు ఉండి, సాంద్రత నీటిలో 0.7 వంతు ఉన్న కట్టెకి ఈ ఒక్క పలక చాలు. 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైకి తన్నేది అర కిలో.

పలక మీద పరిచే మట్టిని బరువుగా లెక్కపెట్టొచ్చా అని అడుగుతారు. క్వార్ట్జ్ ఇసుక, గులకరాళ్ళయితే పెట్టొచ్చు, 5 సెంటీమీటర్ల మందం పలకను గట్టిగా తొక్కిపడుతుంది. ఆక్వాసాయిల్ (మొక్కల కోసం అమ్మే మట్టి గుళికలు) అయితే నీళ్ళలో చాలా తేలిక. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కట్టె లేచిందంటే మట్టి పొరలన్నీ చిందరవందర, నీళ్ళు మూడు రోజులు బురద, వారం క్రితం నాటిన కార్పెట్ మొక్కలన్నీ పైన తేలతాయి.

ఏ రాయి? చెన్నైలో వంటింటి గట్టు కోసం వాడే కడప రాయి ముక్కలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, నల్లగా అందంగానూ ఉంటాయి. అది సున్నపు రాయి జాతి. బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క వేస్తే నురగ కక్కుతుంది. చేతికి గ్లవుజు, కంటికి అద్దాలు పెట్టుకుని, ఆరుబయట చేయండి. సీఓటూ ఇచ్చే ట్యాంకులో నీళ్ళు కాస్త ఆమ్లంగా ఉంటాయి కాబట్టి ఆ రాయి మెల్లగా కరిగి కాఠిన్యాన్ని పెంచుతుంది. మీది ఎలాగూ బోరు నీళ్ళ ట్యాంకైతే ఈ పెరుగుదల పెద్దగా పట్టించుకోవాల్సినది కాదు. ఆర్వో నీళ్ళలో క్రిస్టల్ రొయ్యలు పెంచేవాళ్ళకి మాత్రం కడప రాయి వద్దు. షాబాద్, తాండూరు బండలూ ఇదే కోవ.

అసలు సరిపోయేది పలక రాయి, మన మార్కాపురం బడి పలకల రాయి. పొరలుగా చీలుతుంది కాబట్టి చదునుగా ఉంటుంది, నీళ్ళలో కరగదు, డ్రిల్ కూడా సులువుగా దిగుతుంది. ఎలివేషన్‌కి గోడల మీద అంటించే రాళ్ళ దుకాణాల్లో పలక టైల్స్ దొరుకుతాయి. పాలిష్, సీలర్ పూయనివి అడగండి. వాటికి కూడా ఒక చుక్క యాసిడ్ వేసి చూడటం మంచిది, కొన్ని రాళ్ళలో సున్నపు చారలుంటాయి. గ్రానైట్ ముక్కలు దుకాణాల బయట పారేసి ఉంటాయి, రాయిగా మంచివే. మామూలు బిట్‌తో కన్నం వేయడం మాత్రం కష్టం. కాబట్టి గ్రానైట్‌ని తాడుతో కట్టడానికి, పలకని స్క్రూతో బిగించడానికి వాడుకోండి.

బిగించే విధానం. కట్టె అడుగు రంపంతో కోసి చదును చేయండి, పలక మీద పెట్టినప్పుడు ఊగకూడదు. పలకకి కాంక్రీటు బిట్‌తో, హ్యామర్ మోడ్ ఆపేసి, కింద పాత చెక్క పెట్టి, నీళ్ళు చల్లుతూ 5 మిల్లీమీటర్ల కన్నాలు రెండు వేయండి. హ్యామర్ పెడితే పలక పెచ్చులుగా ఊడుతుంది. ఒక్క స్క్రూ అయితే కట్టె దాని చుట్టూ తిరుగుతుంది, అందుకే రెండు. పలక అడుగు వైపు ఆ కన్నాలను 10 మిల్లీమీటర్ల బిట్‌తో మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు వెడల్పు చేయండి, స్క్రూ తల లోపలికి దిగాలి. తల బయటికి పొడుచుకు వస్తే కట్టె, పలకల బరువంతా అద్దం మీద ఆ ఒక్క చుక్కలో పడుతుంది. కట్టెకి ముందుగా 3 మిల్లీమీటర్ల కన్నం వేసుకుని, 8 నంబరు, 40 మిల్లీమీటర్ల స్క్రూ బిగించండి. పలక మందం పోగా కట్టెలోకి కనీసం 25 మిల్లీమీటర్లు దిగాలి. ఎక్కువ బిగిస్తే పలక పగులుతుంది, తగలగానే పావు తిప్పు చాలు. నానాక కట్టె ఉబ్బి అదే బిగుసుకుంటుంది.

స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీల్ 304 గానీ 316 గానీ. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలకి పనికిరాదు. జింకు పూత ఉన్నవీ వద్దు. ఇక ముందు చెప్పిన హెచ్చరిక: పలక బిగించి అమ్మే ముక్కల్లో కొన్నింటికి నల్లటి జిప్సం స్క్రూలు కొట్టి ఉంటాయి. అవి జిప్సం బోర్డు గోడలకి వాడేవి. నీళ్ళలో, అందులోనూ టానిన్ ఉన్న కట్టెలో, త్వరగా తుప్పు పట్టి కన్నం చుట్టూ నల్లబడి, కొన్నాళ్ళకి తల ఊడిపోతుంది. అప్పటికి కట్టె నానకపోతే తేలిపోవడమే. అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే ఇనుమో, తుప్పు పట్టే రకం స్టీలో. 304 స్క్రూ అయితే అస్సలు అంటదు, లేదా కొద్దిగా లాగినట్టు అనిపిస్తుంది. ఆకారం నచ్చితే ఆ ముక్కే కొని, ఇంటికొచ్చాక స్క్రూలు మార్చేసుకోండి.

పలకని కట్టె కింద ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. కొమ్మలన్నీ కుడివైపు వాలి ఉంటే పలక కూడా కుడివైపుకే పొడుగ్గా సాగాలి. తేలే రోజుల్లో ఆ కొమ్మలు పైకి తన్నేదీ అటే, నానాక బరువై కిందికి వంగేదీ అటే. పలక మొదలు కిందే కురచగా ఉంటే మొదట్లో వెనక్కి తిరగబడుతుంది, నాలుగు నెలలయ్యాక ముందుకి ఒరుగుతుంది.

కన్నాలు వేసే సాధనాలు లేకపోతే చేపల గాలం నైలాన్ తీగతోనో, జిప్ టైతోనో గ్రానైట్ ముక్కకి కట్టేయండి, నానాక కోసేయొచ్చు. సక్షన్ కప్పులు కొన్నాళ్ళకి గట్టిపడి ఊడతాయి. సీసం ముక్కలు వద్దు. రెండు అద్దాల మధ్య కట్టెను ఇరికించి నిలబెట్టడం అన్నిటికంటే ప్రమాదం. కట్టె నానితే అడ్డంగా ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి సిలికాన్ జాయింటు గానీ అద్దం గానీ విడుతుంది. ప్రతి పక్కా కనీసం రెండు వేళ్ళ సందు ఉండాలి.

అంటించడానికి సైనోయాక్రిలేట్ జెల్ మంచిది, ఫెవిక్విక్ కూడా ఆ జాతిదే. నీళ్ళలాంటి పలచటి రకాన్ని దూది మీద పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, వేళ్ళు కాలతాయి. కొంచెం కొంచెంగా, గాలి ఆడే చోట వాడండి. దీనితో నాచు, అనూబియాస్ లాంటి కట్టె మీద పెరిగే మొక్కలు అంటించుకోండి. కట్టెను రాయికి నిలబెట్టే బరువు పని మాత్రం స్క్రూకే ఇవ్వాలి. తెల్ల ఫెవికోల్ నీళ్ళలో విడిపోతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ కాండాన్ని మట్టిలో పూడ్చొద్దు, కుళ్ళుతుంది. కట్టె మీదే ఉండాలి.

ట్యాంకులో పెట్టిన వారం పది రోజులకి కట్టె మీద తెల్లగా, జిగటగా, దూదిలాంటి పొర వస్తుంది. స్పైడర్ వుడ్ మీద మరీ ఎక్కువ. కట్టెలో మిగిలిన చక్కెరల్ని తినే బాక్టీరియా, బూజు అది. హాని లేదు, రెండు నుంచి నాలుగు వారాల్లో తిండి అయిపోయి అదే పోతుంది. చూడలేకపోతే నీళ్ళు మార్చేటప్పుడు పాత టూత్ బ్రష్‌తో రుద్ది సైఫన్‌తో లాగేయండి. అమానో రొయ్యలు, నత్తలు ఇష్టంగా తింటాయి. అయితే కొత్త ఆక్వాసాయిల్ మొదటి వారాల్లో అమోనియా వదులుతుంది. ఆ పొర కోసమని అప్పుడే రొయ్యల్ని వదిలితే చచ్చిపోతాయి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగాలి. తెల్ల పొర వచ్చిపోయే ఆ నాలుగు వారాలు డ్రమ్ములోనే గడిచిపోయేలా కట్టెను ముందుగా కొనిపెట్టుకోవడం ఇంకా మంచిది. ట్యాంకుకి ఆర్డరిచ్చిన రోజే కట్టె కొనేయండి.

పెట్టే రోజు, అడుగు అద్దం మీద పలక సైజుకి 3 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ పరిచి దాని మీద పలక పెట్టండి. ఒక్క ఇసుక రవ్వ పలక కింద పడినా అద్దానికి గీత పడుతుంది. ఫోమ్ కూడా తేలే వస్తువే, అంచులు పలక బయటికి రానివ్వకండి. తర్వాతే మట్టి పోసి, పలక కనపడకుండా కప్పి, ఒక పళ్ళెం పెట్టి దాని మీద సన్న ధారగా నీళ్ళు నింపండి. సగం నిండాక ఆపి, కట్టెను వేలితో పక్కకి నెట్టి చూడండి. కదిలితే అప్పుడే నీళ్ళు తోడి సరిచేయడం తేలిక. మొక్కలు నాటేది ఆ పరీక్ష అయ్యాకే.